అవతలి గట్టు గొంతు

మా ముత్తాత మేరకపూడి సూర్యనారాయణ రావుగారు రేవు ఇజారాదారు. నది దాటించే హక్కు ఆయనది. పడవలు ఆయనవి, బండ్లు ఎక్కే బల్లకట్టు ఆయనది, రెండు గట్లనా రాతి మెట్లు కట్టించింది ఆయన. దొరలు గుర్రపు బండిలో వచ్చినా మా పడవల పాక ముందు ఆగి లోపలికి కబురు పంపేవారు. మా తాతగారు రామచంద్ర రావుగారి కాలంలో పెళ్లివారు ఏరు దాటవలసి వస్తే పెళ్లికొడుకు మా అరుగు ముందు పల్లకి దిగి, నమస్కారం చేసి, ఆ తర్వాతే పడవెక్కేవాడు. మా నాన్నగారు జగన్నాథ రావుగారి కాలంలో ఎగువన వంతెన వచ్చింది. నమస్కారాలు ఆగిపోయాయి.

నాన్నగారు పడవలు అమ్మి ఆ సొమ్ము సినిమాల్లో పెట్టారు. జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టించి ఇల్లు కట్టారు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ కట్టారు. తీసిన సినిమాలు ఆడలేదు. ఇల్లు పోయింది, థియేటర్ పోయింది. ఆ ఇల్లు ఇప్పుడొక కాఫీ షాపు. నేను మధురానగర్‌లో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాను. అన్నీ పోగా మాకు మిగిలింది అవతలి గట్టు రేవు ఒక్కటే: రాతి మెట్లు, పడవల పాక, దాని కింద స్థలం. అప్పులవాళ్లు వచ్చి హాల్లో కూర్చున్న రోజుల్లో కూడా నాన్నగారు దాని జోలికి పోలేదు. నేనూ పోలేదు. అక్కడి నుంచి ఇంజను పడవలు నడుపుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను మేము ఏనాడూ ఏమీ అడగలేదు, వాళ్లూ మాకు ఏమీ ఇవ్వలేదు.

కుర్చీలు, మైకు, టిఫిన్

నేను పని చేసింది రవాణా ప్రణాళికలు వేసే ఒక సంస్థలో. ఆఫీసు జూబ్లీహిల్స్‌లో, ఒక నగల దుకాణం పై అంతస్తులో ఉండేది. రైలు మార్గమో వంతెనో కట్టే ముందు అక్కడి జనాన్ని పిలిచి వాళ్ల అభిప్రాయం అడగాలని నిబంధన ఉంది. ఆ పిలవడం, అడగడం, వాళ్లన్నది పైకి, ప్రభుత్వానికి చేర్చడం నా ఉద్యోగం.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఒకరిద్దరు ఇంటికొచ్చి సలహా అడుగుతున్నారు. "స్లైడ్లు ఎన్ని పెట్టాలి సార్?" అంటారు. స్లైడ్ల సంగతి నాకు తెలియదు. కుర్చీల సంగతి చెబుతాను.

నా మొదటి పై అధికారి పురుషోత్తం గారు. భారీ మనిషి, కోపిష్టి, నోటికి హద్దు లేదు. సభ రోజున అందరికంటే ముందు షామియానా కిందికి వచ్చి వేదిక మీది సోఫాలు తీయించేవారు. మైకు స్టాండు వేదిక పక్కన పెడితే కార్పొరేటర్ మాట్లాడతాడు, ఆడవాళ్ల వరసలో పెడితే ఆడవాళ్లు మాట్లాడతారు అనేవారు. టిఫిన్ విషయంలో ఆయన సిద్ధాంతం వేరే.

"ముందే పెట్టావనుకో, తిని వెళ్లిపోతారు. చివర పెట్టావనుకో, దానికోసం కూర్చుని ఏమడిగినా సరేనంటారు. మధ్యలో పెట్టు. ఇడ్లీ తింటూ మనల్ని తిట్టుకుంటారు. అది విను. రాసుకోవలసింది అదీ."

మొదటి సభకు నేను ఇస్త్రీ మడత నలగకుండా వెళ్లి వేదిక మీద కూర్చున్నాను. అందరూ వింటుండగా కింది నుంచి అరిచారాయన. "రావుగారూ! మీ వంశం గొప్పదే, ఎవరూ కాదనలేదు. ఇక్కడ మాత్రం మీ సింహాసనం వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీ. వేదిక మీదికి చప్పట్లు తప్ప ఏమీ వినబడవు." నాకు ఒళ్లు మండిపోయింది. అయినా దిగి వెళ్లి వెనక కూర్చున్నాను. రిటైరయ్యే దాకా మళ్లీ వేదిక ఎక్కలేదు.

ఆయన చెప్పిన దానిలో నాకు కొత్తేమీ లేదని తర్వాత తెలిసింది. మా తాతగారి రేవులో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దు వాలాక ఆఖరి పడవ ఇవతల కట్టేసే ముందు పడవ నడిపే సరంగు అవతలి గట్టు వైపు కేక వేయాలి. "ఎవరైనా ఉన్నారా?" అని. అటు నుంచి "లేరు" అని కాపలాదారు బదులిచ్చాకే తాడు కట్టాలి. ఎదురుగాలి వల్ల బదులు వినబడకపోతే, లేరులే అనుకోవడానికి వీల్లేదు. ఖాళీ పడవ వేసుకునైనా వెళ్లి చూసి రావాలి. ప్రజాభిప్రాయ సేకరణ అని ఇప్పుడు ఇంత పొడుగు పేరు పెట్టుకున్న పనికి నాకు తెలిసిన అర్థం అదే.

ఎగువ, దిగువ

పురుషోత్తం గారు వెళ్లిపోయాక కిరణ్ వచ్చాడు. సంస్థ యజమాని అల్లుడు. వయసులో నా కొడుకంతవాడు. తెలివైనవాడు, చురుకైనవాడు, నన్ను ఎప్పుడూ సార్ అనే పిలిచాడు. అతను చెడ్డవాడని నేను చెప్పను. అతనికి ప్రతి పనీ ఆలస్యమవుతున్నట్టే అనిపించేది, అంతే.

అతని కాలంలోనే మా నది మీది పని వచ్చింది. ఊళ్ల పేర్లు రాయను. నదికి ఇవతల పెద్ద నగరం. ఆసుపత్రులు, కాలేజీలు, దుకాణాలు అన్నీ ఇటే. అవతల చిన్న నగరం. అక్కడి సగం మంది తెల్లారితే ఇటు పనికి రావాలి. రెంటినీ కలుపుతూ రైలు వేయాలని ప్రభుత్వం తలపెట్టింది. అవతలి గట్టున స్టేషన్ ఎక్కడ అన్నదే తేలవలసిన విషయం. రేవు దగ్గర పెట్టవచ్చు, అక్కడ ఇళ్లున్నాయి, మనుషులున్నారు. బైపాస్ దగ్గరా పెట్టవచ్చు, అక్కడ రాళ్లు పాతిన ప్లాట్లున్నాయి. రెండూ సాధ్యమేనని ఇంజనీర్లు తేల్చారు. ఇక జనాన్ని అడగాలి.

రేవులో మాకు స్థలం ఉందని మొదటి రోజే కిరణ్‌కు చెప్పాను. ఈ పని వేరే ఎవరికైనా ఇమ్మన్నాను.

"అదేంటి సార్, అది మనకు ప్లస్ కదా!" అన్నాడు. "మేరకపూడి వారు వస్తున్నారంటే జనం వస్తారు. లోకల్ ట్రస్ట్ అంటే అదే. మీరే చేయాలి."

నేను ఒప్పుకున్నాను. మా పేరు చెబితే ఇప్పటికీ జనం వస్తారన్న మాట నాకు రుచించలేదని అంటే అబద్ధం.

మొదటి సభల్లో మా డిజైన్ వాళ్లు మ్యాపు పట్టుకొచ్చారు. ఉత్తరం పైన, దక్షిణం కింద. "ఉత్తర మార్గం కావాలా, దక్షిణ మార్గం కావాలా?" అని అడిగారు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన, "ఉత్తరమేంటి బాబూ, చచ్చినోణ్ణి పడుకోబెట్టడానికి చూసుకుంటాం ఉత్తరం. ఏటి కాడ ఎగువా దిగువా తప్ప ఏముంటాయి?" అన్నాడు. అందరూ నవ్వారు. మా డిజైన్ అధిపతి మాత్రం నవ్వలేదు. స్థానికుల్లో అవగాహన తక్కువ అని రాసుకున్నాడు. నేను మ్యాపు అడ్డంగా తిప్పించి, నది పై నుంచి కిందికి పారేలా గీయించాను. ఆ తర్వాత సభలో ఆడవాళ్లు మ్యాపు మీద వేలు పెట్టి తమ ఇళ్లు చూపించుకున్నారు. కిరణ్ ఆ ఫొటో ఆఫీసు గోడకు తగిలించాడు. అప్పటికి మేమిద్దరం స్నేహంగానే ఉన్నాం.

గాలి

అసలు సభ అవతలి గట్టున, మా పడవల పాక పక్కన, షామియానా కింద జరిగింది. దాన్ని వీడియో తీసి, మాటలు స్పష్టంగా వినబడేలా పైకి పంపాలి. ఏ అభిప్రాయం చెల్లుతుందన్నా ఆ వీడియో ఆధారంగానే. నేను వెనక వరసలో నా ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. మైకు ఆడవాళ్ల వరసలో ఉంది.

దయామణి గారు లేచారు. పెద్దాసుపత్రిలో నర్సు. చర్చి వీధిలో ఉంటారు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చారు.

"నమస్కారమండి. మా వీధిలో ఇంటికొకరం ఏరు దాటి పనికెళ్తాం. నర్సులం, ఆయాలం, షాపుల్లో చేసే పిల్లలం. ఏరు నెమ్మదిగా ఉన్నన్నాళ్లూ ఇదిగో, ఈ మేరకపూడి వారి మెట్ల మీంచే ఇంజను పడవెక్కి పోతాం. వరదొస్తే ఆటోలో బైపాస్‌కెళ్లాలి. బస్సెక్కి, వంతెన తిరిగి, అవతల దిగి మళ్లీ ఆటో. రాత్రి డ్యూటీ దిగిన ఆడది ఆ బైపాస్ మీద ఒక్కత్తే ఎలా నిలబడుద్దండి? మీ మగాళ్లు నిలబడతారా?"

"అభివృద్ధి వద్దంటావా ఏంటమ్మా?" అన్నాడు పక్క వరసలోంచి ఒక తెల్లచొక్కా. ప్లాట్లు అమ్మేవాడని ఊరందరికీ తెలుసు.

"ఎందుకొద్దు తమ్ముడూ? నీ ప్లాట్ల కాడ దిగిన అభివృద్ధి మా ఇంటికి నడిచొస్తుందా, దానికీ ఆటో పెట్టాలా?"

షామియానా అంతా నవ్వింది. "చెప్పక్కా, చెప్పు!" అని వెనక నుంచి కేకలు. ఆవిడ నవ్వలేదు. కెమెరా వైపు తిరిగి వేలు చూపించి అన్నారు. "స్టేషన్ ఇక్కడ పెట్టండి. బైపాస్‌లో పెడితే మాకు పనికిరాదు బాబూ."

ఆవిడ తర్వాత లేచినవాళ్లందరూ అదే మాట చెప్పారు. అంత తేటగా ఒక్క మాట మీద నిలిచిన సభను నేను నా ఉద్యోగంలో చూడలేదు.

ఆ రోజు నది మీంచి ఒకటే గాలి. షామియానా గుడ్డ టపటపా కొట్టుకుంటూనే ఉంది. జనరేటర్ కెమెరా వెనకే పెట్టారు. హైదరాబాద్ వచ్చి వీడియో వేసుకుంటే బొమ్మ అద్దంలా ఉంది. చప్పుడు మాత్రం గాలిది, జనరేటర్‌ది. ఒక్క మనిషి మాట వినబడలేదు.

పెదవులు

సభ మళ్లీ పెడదామన్నాను. కిరణ్ టేబుల్ మీద చెయ్యి వేసి నవ్వాడు.

"మళ్లీ షామియానా, మళ్లీ పర్మిషన్లు, మళ్లీ అందరినీ పోగు చేయడం. ఈలోపు డెడ్‌లైన్ అయిపోతుంది సార్. మనం ఎక్కడున్నాం చెప్పండి? కిటికీలోంచి చూడండి. ఇక్కడ సౌండ్ పోయిందని ఎవరైనా షూటింగ్ మళ్లీ చేస్తారా? డబ్బింగ్ చెప్పించుకుంటారు."

హాస్యమాడుతున్నాడనుకున్నాను. రెండు రోజుల తర్వాత, ఆడియో శుభ్రం చేయిస్తున్నాం, మీరు వచ్చి ఎవరు ఎవరో గుర్తుపట్టి చెప్పండి అని కబురు పంపాడు. ఫిల్మ్‌నగర్‌లో అడ్రస్ ఇచ్చాడు. ఆటో దిగి తలెత్తి చూస్తే అది మా నాన్నగారు కట్టిన థియేటర్. బోర్డు మారింది, రంగు మారింది. లోపలికి దిగే మెట్లు అవే.

సౌండ్ ఇంజనీరు యాదగిరి రహమత్ నగర్ మనిషి. నేను ఎవరో చెబితే లేచి నిలబడ్డాడు. "మీ నాయిన కట్టిచ్చిండా సార్ గిది? మస్తు కట్టిండు. గిప్పటికి గూడ బయట బ్యాండు మేళం పోయినా లోపలికి సప్పుడు రాదు. గిట్లాంటి గోడలు గిప్పుడు ఎవ్వడు కడ్తుండు?"

తెర మీద దయామణి గారు మాట్లాడుతున్నారు. మైకు ముందు శశికళ గారు నిలబడి ఉన్నారు. సినిమాల్లో తల్లి పాత్రలకు గొంతు చెప్పే ఆవిడ. చేతిలో కాగితం. సభలో మా జూనియర్ ఒకడు క్లుప్తంగా రాసుకున్నాడు: 'స్థానిక మహిళ ప్రాజెక్టును స్వాగతించి, స్టేషన్ స్థలంపై సూచన చేశారు' అని. ఆ ఒక్క ముక్క ఒక డబ్బింగ్ రచయిత చేతికిచ్చారు. మనిషి తెర మీద అంతసేపు మాట్లాడుతుంటే ఒక్క ముక్క సరిపోదు కదా. మిగిలినదంతా అతను పెదవులు చూసి రాశాడు.

డబ్బింగ్ తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ప, బ, మ అంటే పెదవులు కలుస్తాయి. తెర మీద పెదవులు కలిసిన ప్రతి చోటా ఆ అక్షరాల్లో ఒకటి పడాలి. పడితే చూసేవాడికి అనుమానం రాదు. ఈ రచయిత పనిమంతుడు. దయామణి గారి చివరి మాటకు అతను రాసింది ఇది: "బైపాస్‌లో పెడితే మాకు పండగేనండి బాబూ."

పెదవులు ఒక్క చోట కూడా తప్పలేదు.

శశికళ గారు చెప్పబోయి ఆగారు. "ఈవిడ మొహం ఇలా లేదండీ," అన్నారు. "కొడుకు చచ్చినా నా గొంతే, కొడుకు పెళ్లయినా నా గొంతే, ఏది ఎలా చెప్పాలో నాకు తెలియదా? ఆ వేలు చూడండి. పండగని ఎవరైనా వేలు చూపించి చెబుతారా?"

"అక్కా, సింక్ అయితే కిరాక్ గున్నది," అన్నాడు యాదగిరి. "నువ్వు జర నవ్వు పెంచు, వేలు ఎవడు చూస్తడు?"

ఆపమన్నాను. ఆ మనిషి అన్నది అది కాదని, అక్కడ కూర్చుని నా చెవులతో విన్నానని చెప్పాను. యాదగిరి కిరణ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"సార్, మీనింగ్ మార్చలేదు," అన్నాడు కిరణ్. "ఆవిడ రైలు వద్దనలేదు కదా? ప్రాజెక్ట్‌కి పాజిటివే. టోన్ కొంచెం సాఫ్ట్ చేశాం."

"టోన్ కాదు. ఆవిడ అడిగినదానికి ఎదురు మాట పెట్టారు."

"స్టేషన్ సంగతి రిపోర్టులో సూచనగా ఉంది సార్. ప్లీజ్. మీరు ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి."

శశికళ గారు నా వైపు తిరిగారు. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగారు.

"మీరు డైరెక్టరా అండీ?"

"కాదు."

"ప్రొడ్యూసరా?"

"కాదు."

"మరి నేనెవరి మాట వినాలండీ?" అని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు.

నేను మెట్లెక్కి బయటికి వచ్చాను. తలుపు మూసుకోగానే లోపలి చప్పుడు తెగిపోయింది. మా నాన్నగారు ఆ గోడలు బాగా కట్టించారు.

ఫంక్షన్ హాల్‌లో

కొన్ని వారాల తర్వాత ఇవతలి నగరంలో ఒక ఫంక్షన్ హాల్‌లో ఆ వీడియో వేశారు. జనానికి సమాచారం ఇచ్చే సభ అది. అభిప్రాయాలు నమోదు చేసే గడువు అప్పటికే ముగిసింది. అవతలి గట్టు నుంచి చాలామంది వచ్చారు. తమను తాము తెర మీద చూసుకోవచ్చని పిల్లల్ని కూడా తెచ్చారు.

దయామణి గారి బొమ్మ వచ్చింది. వెనక నుంచి సినిమా తల్లి గొంతు, తేనెలా. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ల వరసలో నవ్వు మొదలైంది.

"ఏంటి దయామణక్కా, హీరో వాళ్లమ్మ గొంతొచ్చింది నీకు!"

"చర్చిలో ఆదివారం పాటలు ఇక నువ్వే పాడాలక్కా!"

పండగేనండి బాబూ అన్న మాట రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. దయామణి గారు నిలబడ్డారు.

"మొహం నాదేనండి. గొంతు నాది కాదు. ఆ మాట అంతకన్నా నాది కాదు."

వేదిక మీది రెవెన్యూ అధికారి మైకు దగ్గరికి జరిగాడు. "చిన్న టెక్నికల్ ప్రాబ్లం అమ్మా. కూర్చోండి. ఇది అభిప్రాయాల సభ కాదు."

ఆవిడకు మైకు ఇవ్వలేదు. ఆవిడా అడగలేదు. వెనక్కి తిరిగి హాలంతా వెతికి, ఆఖరి వరసలో నన్ను పట్టుకున్నారు.

"బాబుగారూ, మీరు మేరకపూడి వారు కదండీ. మా మామగారు మీ తాతగారి పడవకి సరంగు. ఆ రోజు మీరు అక్కడే కూర్చున్నారు. నేనేమన్నానో మీరు చెప్పండి."

నేను లేచాను. గొంతు పెంచి, అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. స్టేషన్ రేవు దగ్గర పెట్టమన్నారు. బైపాస్‌లో పెడితే పనికిరాదన్నారు. ఆవిడే కాదు, ఆ రోజు లేచిన ప్రతి ఒక్కరూ అదే అన్నారు. చూపించిన వీడియోలో గొంతులు డబ్బింగ్ చేసినవి. హాల్లో గోల లేచింది. అధికారి కిరణ్ వైపు చూశాడు. కిరణ్ లేచి మైకు అందుకున్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"సార్ అంటే మా అందరికీ చాలా గౌరవం. కానీ ఒక విషయం మీ అందరికీ తెలియాలి. రేవు దగ్గర సార్‌కి సొంత ల్యాండ్ ఉంది. స్టేషన్ అక్కడికి వస్తే దాని రేటు ఎంత పెరుగుతుందో మీరే ఆలోచించండి."

గోల తగ్గిపోయింది. జనం తలలు తిప్పి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. 'ఓహో' ఉంది, అంతే. ఏ పేరు చెబితే జనం వస్తారని నన్ను తీసుకెళ్లాడో, ఆ పేరుతోనే నా సాక్ష్యం కొట్టేశాడు. మా వంశంలో అప్పులు చేసినవాళ్లున్నారు, మొండివాళ్లున్నారు, దేనికీ పనికిరానివాళ్లున్నారు. అబద్ధపు సాక్ష్యం చెప్పాడని నలుగురిలో అనిపించుకున్నవాడు లేడు. దయామణి గారు ఒక్కరే ఇంకా నా వైపు నమ్మకంగా చూస్తున్నారు. అది భరించడం ఇంకా కష్టమైంది.

రేవు

ఇంటికి వచ్చి నేను చేయవలసింది నిర్ణయించుకున్నాను. స్థలం ఉన్నంత కాలం నా మాట స్థలం గురించే అవుతుంది. స్థలం లేకపోతే అది ఒట్టి మాట. ఒట్టి మాటకే విలువ. ఎవరినీ సలహా అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. వచ్చిన మొదటి బేరానికే ఇచ్చేశాను. నాన్నగారు అన్ని కష్టాల్లోనూ ముట్టనిదాన్ని నేను ఒక్క పూటలో వదిలేసుకున్నాను. అమ్మిన కాగితాల నకలు జత చేసి, ఇప్పుడు నాకు ఆ గట్టు మీద జానెడు నేల లేదని, సభలో నేను విన్నది ఇది అని, మళ్లీ సభ పెట్టాలని పైకి రాశాను. అది ఎవరి చేతా పంపకుండా నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను.

జవాబు వచ్చింది. ప్రజాభిప్రాయం నిబంధనల ప్రకారం వీడియో సహితంగా నమోదైందనీ, గడువు తర్వాత అందిన వినతులు పరిశీలించడం వీలుపడదనీ. స్థలం ఉందా లేదా అన్న ప్రస్తావనే అందులో లేదు. ఉన్నా లేకపోయినా వాళ్లకు ఒకటే. స్టేషన్ బైపాస్ దగ్గర ఖాయమైంది. ఆఫీసులో నన్ను వేరే పనికి మార్చారు. అక్కడి నుంచే రిటైరయ్యాను. కిరణ్ శాలువా కప్పాడు. వంగి కాళ్లకు దండం కూడా పెట్టాడు. నేను ఆశీర్వదించలేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. జనరేటర్ కెమెరాకు దూరంగా పెట్టించండి. గాలి ఉన్న రోజున సభ పెట్టకండి. పెట్టి చెడగొట్టుకుంటే మళ్లీ వెళ్లండి, ఎవరు నవ్వినా వెళ్లండి. మీ ఆఫీసులో తెలివైనవాళ్లు చాలామంది ఉంటారు. అవతలివాళ్ల మాట వినబడకపోతే తామే బాగా చెప్పగలమని వాళ్లకు గట్టి నమ్మకం. వాళ్లతో వాదించి గెలుస్తారని నేను మీకు ఆశ పెట్టను. నేను గెలవలేదు.

ఆ తర్వాత ఒక్కసారి అవతలి గట్టుకు వెళ్లాను. బైపాస్ దగ్గర స్తంభాలు లేచాయి. రేవు వీధిలోకి తిరిగి, చర్చి దాటి, మా పాక ఉండవలసిన చోటికి వచ్చేసరికి ఎదురుగా నీలం రేకుల గోడ. దాని పక్క నుంచి దయామణి గారు ఆటో కోసం నడిచి వస్తున్నారు. నన్ను చూసి ఆగారు.

"బాగున్నారా బాబుగారూ?"

"బాగున్నాను. పడవలో వెళ్లడం లేదా? ఏరు నెమ్మదిగానే ఉందే."

ఆవిడ రేకుల వైపు చూశారు. "ఎక్కడెక్కమంటారండీ? కొన్నవాళ్లు మెట్లకి అడ్డంగా కట్టేశారు. పడవలవాళ్లు దిగువకి పోయారు. అక్కడంతా బురద, ఆడాళ్లు దిగలేరు. వరదొచ్చినా రాకపోయినా ఇప్పుడు బైపాసే."

"నేను అమ్మకపోతే నా మాట చెల్లదనుకున్నానమ్మా," అన్నాను.

"అమ్మితే చెల్లిందా అండీ?"

ఆటో వచ్చింది. లోపల అప్పటికే నలుగురున్నారు. ఆవిడ అంచున కూర్చుని, చీర కొంగు లోపలికి లాక్కుని, కోపం లేకుండానే అన్నారు.

"మమ్మల్ని ఒక్క మాట అడగాల్సిందండీ."

ఆటో వెళ్లిపోయింది. రేకుల వెనక ఫంక్షన్ హాల్ కడుతున్నారు. అమ్మకంలో స్థలంతో పాటు పడవల పాక, మా ముత్తాతగారు కట్టించిన రాతి మెట్లు కూడా పోయాయి.